మొక్కిన కాలు

బతుకంతా గాలి అమ్ముకున్నవాణ్ణి నేను. నంద్యాల బస్టాండు దగ్గర టైర్లకు పంక్చర్లు వేసి, గాలి కొట్టి, ఆ గాలితోనే సంసారాన్ని ఈడ్చుకొచ్చాను. బడి నన్ను ఏడో తరగతిలోనే వదిలించుకుని హాయిగా ఊపిరి పీల్చుకుంది. ఆ తర్వాత మా వాళ్లు ఆళ్లగడ్డలో చేతికి ఉలి ఇచ్చారు. ఇచ్చిన కొన్నాళ్లకే వినాయకుడి తొండం విరగ్గొట్టాను. మా నాయన ఆ తొండం ముక్కను చేతిలో పట్టుకుని చాలాసేపు చూసి, "నీకు రాయి అచ్చిరాదురా, యాడన్నా మెత్తని పని సూసుకో" అన్నాడు. లోకంలో గాలి కంటే మెత్తనిది నాకేమీ కనపడలేదు. అట్లాంటి నేను మొన్న మోకాలు పట్టేసి, గోడలు పట్టుకుంటూ ఎముకల డాక్టరు దగ్గరికి పోయాను. కుర్ర డాక్టరు. "చిన్నప్పుడు ఏమన్నా ఆటలాడేవాడివా పెద్దాయనా?" అని అడిగాడు. "ఆడినా సార్, పేకాట. దాంట్లో కూడా పెద్దగా పరిగెత్తింది లేదు" అన్నాను. నర్సమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. డాక్టరు కూడా నవ్వి, కలం తీసి, "సరే, ఏ కాలు?" అన్నాడు.

అంతే, నా నోరు పడిపోయింది. పెండ్లి పందిట్లో అయ్యవారిని, చావింట్లో ఏడ్చేవాళ్లను కూడా వదలని నోరు అది. కుడికాలు నొప్పితో గుంజుతూనే ఉంది, చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాటా రాలేదు. డాక్టరు నా ముఖం వైపు, నేను నా కాళ్ల వైపు చూస్తూ కూర్చున్నాం. ఆయనేమనుకున్నాడో గానీ, రెండు మోకాళ్లకూ ఫొటో రాసేశాడు. ఆ చిన్న ప్రశ్నను మా ఇంట్లో ఒకప్పుడు ఎవరో ఒకరు అడిగి ఉండాల్సింది. ఎవరమూ అడగలేదు. అందరికీ తెలిసిందే కదా అనుకున్నాం.

మా అత్త నాకు మేనత్త, మా నాయన తోడబుట్టిన చెల్లెలు. ఆమె పెద్ద కూతురు మా ఇంటామె. చిన్న కూతురు నా మరదలు. నేను చెప్పబోయేది ఈ మరదలి సంగతి. మామ దేవుళ్లను చెక్కి చెక్కి, ఆ రాతిదుమ్మునంతా రొమ్ములో దాచుకుని, తొందరగానే పోయాడు. మా ఇళ్లలో చెక్కడం మగవాళ్ల పని, చెక్కిన బొమ్మకు నీళ్లు చల్లుకుంటూ నునుపు పట్టడం ఆడవాళ్ల పని. మామ పోయాక కూడా అత్త ఆ పని మానలేదు. వీధిలో ఎవరు బొమ్మ చెక్కినా చివరికి ఆమె ముందుకు రావాల్సిందే. ఆమె అరచేతులు ఆకురాయిలా గరుకుగా ఉండేవి. చిన్నప్పుడు ప్రేమగా నా బుగ్గ నిమిరితే, ఆ ఎరుపు మరునాటిదాకా పోయేది కాదు. ఆ చేతులతో నిమిరించుకున్న దేవుళ్లు మాత్రం అద్దాల్లా మెరిసేవాళ్లు.

మరదలు హైస్కూలు ఈడుకు వచ్చాక అత్త ఆమెను నంద్యాలలో మా ఇంట్లో పెట్టింది. బావామరదళ్ల మధ్య వేళాకోళం మాలో ఒక హక్కు. దాన్ని నేను ఏనాడూ వృథా పోనివ్వలేదు. పిల్ల పొట్టి. సైకిలు వెనక కూర్చోబెట్టుకుని పోతూ, "నిన్ను చూసి జనం టిఫిన్ క్యారియర్ అనుకుంటాండారే" అనేవాణ్ణి. "నీ షాపులో పంపుందిగా బావా, రెండుసార్లు గాలి కొట్టు, పొడుగైతా" అనేది. నేను ఒకటంటే రెండనేది. ఒకరోజు బడి నుంచి వస్తూ చంకలో గాలిపోయిన బాస్కెట్‌బాల్ ఒకటి తెచ్చింది. డ్రిల్లు సారు ఇచ్చాడట. ట్యూబుకు వేసినట్టే దానికీ ఒక ప్యాచ్ వేసిచ్చాను. ప్యాచ్ ఉన్న వైపు నేలకు తగిలితే అది ఏ దిక్కుకు పోతుందో దేవుడికి కూడా తెలియదు. ఆ బంతిని మా ఇంటి ముందర బండల మీద కొడుతూ, అది ఎటు తిరిగితే అటు తిరిగి పట్టుకునేది. మా ఇంటామె కడిగి బోర్లించిన చెంబులన్నీ సొట్టలు పోయాయి.

"ఒసే, అది పొడుగోళ్ల ఆట గదనే. బుట్ట ఆకాశంలో ఉండాది, నువ్వు పాతాళంలో ఉండావ్" అన్నానొకసారి. "పొడుగోళ్లు బుట్టకాడ నిలబడుకుంటారు బావా. వాళ్లకాడికి బంతి ఎవురు తేవాల? నేనే. నేను గార్డును" అంది. గార్డు అంటే రైలు చివరి పెట్టెలో పచ్చజెండా ఊపేవాడని నేను అనుకున్నాను. అదే అంటే మూడు రోజులు నన్ను చూసినప్పుడల్లా చేతిరుమాలు ఊపింది. ఆ తర్వాత ఓపిగ్గా చెప్పింది. బంతి తెచ్చేది, ఎవరు ఎటు పోవాలో చెప్పేది, ఎదుటివాళ్లను ఏమార్చేది గార్డే. ఏమార్చడం అంటే ఎట్లాగో చూపిస్తానని నన్ను గడప దగ్గర నిలబెట్టింది. నా కళ్లలోకే చూస్తూ నడిచొచ్చింది. నేను చేతులు చాపాను. బంతి వెనక నిలబడిన వాళ్లక్క చేతుల్లో పడింది. మళ్లీ వచ్చింది, ఈసారి అక్క వైపు చూస్తూ. నేను నిశ్చింతగా నిలబడ్డాను. బంతి వచ్చి నా పొట్టలో గుద్దుకుంది. కూలబడిన నన్ను చూసి, "కండ్లు సూడొద్దు బావా, మోసపోతావ్. చేతులు సూడాల" అంది. ఆ మాట నాకు ఎప్పుడో పనికొస్తుందని ఆనాడు అనుకోలేదు.

ఆ పొట్టి పిల్ల జిల్లాకు ఆడింది, రాష్ట్రానికి ఆడింది. ఆటల కోటాలో సర్కారు ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. పేరుకే ఆఫీసు, పనంతా ఆఫీసు జట్టుకు ఆడటమే. దేశం పేరు రాసిన చొక్కా కూడా ఒకసారి తొడుక్కుంది. ఆ చొక్కాను అత్త ఉతకనివ్వలేదు, అక్షరాలు పోతాయని. ఆ తర్వాత ఎవరో డబ్బున్న పెద్దమనుషులు కలిసి, ఆడపిల్లల జట్లు కట్టి, ఊరూరా లైట్ల కింద ఆడించే పోటీలు మొదలుపెట్టారు. ఒక జట్టు మా మరదల్ని తీసుకుంది. బంతి పట్టుకుని, నడుం వంచి, పక్కకు చూస్తున్న ఆమె నిలువెత్తు కాగితం బొమ్మ ఒకటి నాకు పంపారు. దాన్ని షాపులో టైర్ల కంపెనీ క్యాలెండరు పక్కన అంటించాను. లారీ డ్రైవర్లు, "ఎవురన్నా ఆ పాప?" అనేవాళ్లు. "మా మరదలు" అంటే, ఒకసారి బొమ్మను, ఒకసారి నన్ను చూసి, "నిజం చెప్పన్నా" అనేవాళ్లు. చాగలమర్రి డ్రైవరు ఒకడైతే, "నీ ఇంటోళ్లలో ఇంత సురుకైన మనిషా? యాడో తెచ్చుకుని సాకినారా?" అని అడిగాడు. వాడి టైరులో గాలి కొంచెం తక్కువే కొట్టి పంపాను.

అత్తకు ఆట అర్థమయ్యేది కాదు. రెండు చేతులా పట్టుకున్న బంతిని మళ్లీ నేలకేసి ఎందుకు కొడతారని ఆమె బాధ. కానీ కూతురు ఇంటికొస్తే మాత్రం సాయంత్రం ఆముదం వెచ్చజేసి గిన్నెలో పోసుకొచ్చి, అరుగు మీద కూర్చుని, "సాపు" అనేది. మరదలు రెండు కాళ్లూ తల్లి ఒడిలో పెట్టి, సెల్‌ఫోన్ చూసుకుంటూ పడుకునేది. ఆ గరుకు చేతులు పిక్కల మీద, మోకాళ్ల మీద మెల్లగా తిరిగేవి. "బొమ్మకు పట్టినట్టు పడ్తాండావ్ అత్తా, గుళ్లో నిలబెడతావా ఏంది?" అనేవాణ్ణి. "నా బిడ్డ నిలబడేదేడ, పరిగెత్తేదే గానీ" అనేది అత్త.

రెండో ఏడు పోటీల్లో మరదలి కాలు పోయింది. ఎవరూ తోయలేదు, ఎవరూ గుద్దలేదు. బంతితో పరిగెత్తుతూ ఒక్కసారిగా పక్కకు తిరిగిందట. పాదం చెక్కనేలకు అంటుకుపోయింది, ఒళ్లు తిరిగింది, మోకాలు నడుమ నలిగింది. లోపల లిగమెంటు తెగింది. ఆపరేషను చెయ్యాలన్నారు. ఆ దూరపు ఊరికి రైలెక్కి నేనే పోయాను. మంచం మీద కుడికాలికి దిండంత కట్టుతో పడుకుని ఉంది. ఏదో ఒకటి అని నవ్విద్దామని దారంతా మాటలు వెతుక్కున్నాను. చివరికి, "పంక్చరేలే, ప్యాచ్ ఏస్తారు" అన్నాను. నవ్వింది. కళ్లలో నీళ్లు అట్లాగే ఉన్నాయి. "బావా, మళ్లా ఆడతానా?" అంది. గాలి అమ్ముకునేవాడు దానికేం చెప్తాడు? "ఆడకుంటే బొమ్మ అంటించినోడి పరువేం గావాల?" అన్నాను. ఆ వేళకే అత్త వీడియో ఫోను చేసింది. చూపించకపోతే ప్రాణం ఉగ్గబట్టుకుని కూర్చుంటుందని మరదలు ఫోను తిప్పి, తాను చూస్తున్నట్టుగానే తన కాళ్లు చూపించింది. "ఇదేమా. మందం కట్టినారంతే. నొప్పి ల్యా" అంది. ఆళ్లగడ్డలో అత్త పక్కనున్న మా ఇంటామె తర్వాత నాకు చెప్పింది. అత్త ఆ కట్టునే చూసిందట, ఫోను పెట్టేసి నేరుగా దేవుడి మూలకు పోయి, పసుపు గుడ్డలో రూపాయి కట్టి, "సామీ, బిడ్డ మళ్లా పరిగెత్తితే వెండికాలు తెచ్చి ఇచ్చుకుంటా" అని మొక్కిందట.

ఇక్కడ మా ఇళ్ల లెక్క ఒకటి మీకు చెప్పాలి. బొమ్మలు చెక్కే ఇంట్లో పుట్టిన పిల్లలకు అక్షరాల కంటే ముందు వచ్చే లెక్క అది. బొమ్మ ఎప్పుడూ మనకు ఎదురుగా నిలబడి ఉంటుంది. కాబట్టి మన కుడివైపు కనపడేది దాని ఎడమ. ఈ లెక్క తప్పితే దేవుడి అభయహస్తం ఎడమచేతికి పోతుంది, చెక్కినవాడి చెవి తండ్రి చేతికి పోతుంది. మా అత్త పుట్టింది, మెట్టింది అట్లాంటి ఇళ్లలోనే. ఆమె ఆలోచించి తిప్పుకోదు, ఆమె కళ్లే తిప్పుకుంటాయి. ఫోనులో కూతురు తన వైపు నుంచే కాళ్లు చూపించింది కదా, కట్టు కట్టిన కుడికాలు ఫోను అద్దంలో అత్తకు కూడా కుడివైపే కనపడింది. ఎదురుగా కనపడే కాలు, కుడివైపున ఉంది, అంటే ఎడమకాలు. అత్త మనసులో అది రాయి మీద గీత గీసినట్టు పడిపోయింది. ఆ తర్వాత మేము నెలల తరబడి ఫోన్లలో మాట్లాడుకున్నాం. కాలు ఎట్లుండాది, కాలు వంగుతాందా, కాలు మీద బరువేస్తాండావా అని. దెబ్బ తగిలిన కాలు ఒకటే కదా, దానికి పేరెందుకు?

మరదలు అక్కడే ఉండి, వ్యాయామాలు చేసుకుని, మెల్లగా పరుగు మొదలుపెట్టింది. పరుగు పెట్టిందని ఫోను రాగానే అత్త ఆళ్లగడ్డ బజారులో కంసాలి దగ్గరికి పోయింది. అతను డబ్బాలోంచి అచ్చుపోసిన రేకు కాళ్లు తీసి చూపిస్తే, "ఇది కాలా, బెండకాయా?" అని గొడవేసుకుందట. పిక్క పిక్కలాగా, మోకాలిచిప్ప మోకాలిచిప్పలాగా ఉండేటట్టు, పక్కన కూర్చుని మరీ చేయించింది. ఆ వెండికాలు పసుపు గుడ్డలో చుట్టుకుని అహోబిలం పోయింది. దిగువ గుడి దగ్గర చెప్పులు విడిచి, ఎగువకు కొండదారి అంతా ఉత్తికాళ్లతో ఎక్కి, హుండీలో వేసొచ్చింది. అప్పటికే ఆమెకు ఆయాసం. బస్సెక్కు అంటే, "బిడ్డ కాలు అడిగి నేను బస్సులో పోతే సామి ఏమనుకుంటాడు?" అందట.

ఆ తర్వాత వారమే మరదలు ఇంటికొచ్చింది. నేనూ మా ఇంటామె కూడా ఆళ్లగడ్డ పోయాం. పిల్ల గడప దాటి, ప్యాంటు వేసుకున్న కాళ్లతో చక్కగా నడిచొస్తుంటే అత్త ముఖం చూడాలి. అట్లాంటి వెలుగు ఏ బొమ్మకు నునుపు పట్టినా నేను చూడలేదు. సాయంత్రం ఆముదం గిన్నె తెచ్చి అరుగు మీద కూర్చుంది. అహోబిలం పోయిన సంగతి, కంసాలితో గొడవ, దారిలో కాలికి గుచ్చుకున్న ముల్లు, అన్నీ చెప్పింది. చెప్పి, "ఏదీ, సామి ఇచ్చిన కాలు. ఆ ఎడమకాలు సాపు పాపా" అంది.

నాకు చప్పున అర్థం కాలేదు. అర్థమయ్యాక నా నాలుక చివరికి వచ్చేసింది, "అత్తా, దేవుడికి తప్పు అడ్రసు ఇచ్చినావే!" అని. బతుకులో ఇంత మంచి మాట నాకు మళ్లీ దొరకదు. నోరు తెరిచాను. మరదలు నా వైపు చూసింది. ఒక్క క్షణం. చిన్నప్పుడు గడప దగ్గర బంతి వేయబోయే ముందు చూసిన చూపు అది. కళ్లు చూడొద్దు, చేతులు చూడాలి. ఆమె చేతులు చూశాను. ఎడమకాలి ప్యాంటును మోకాలి పైకి మెల్లగా మడుస్తున్నాయి. ఆ కాలు తీసి తల్లి ఒడిలో పెట్టింది. ఆ మోకాలి మీద కూడా సిమెంటు నేలల మీద పడి చెక్కుకుపోయిన పాత మచ్చలు బోలెడు. అత్త వాటిలో ఒకదాన్ని బొటనవేలితో తడిమి, "ఈడేనా కోసింది?" అంది. "ఆ, ఆడేమా" అంది మరదలు. మా ఇంటామె దిగ్గున లేచి, పాలు పొంగిపోతాయని లోపలికి పోయింది. పొయ్యి మీద పాలు లేవు. నేను మూసుకున్న నోట్లో ఆ మాట చానా సేపు తిరిగి, చివరికి కడుపులోకే పోయింది.

వాకిట్లో ఒంటరిగా దొరికినప్పుడు, "చెప్పేదుండె గదనే" అన్నాను. "కొండ ఎక్కొచ్చింది బావా. మళ్లా కుడిదానికని ఇంకోసారి ఎక్కుతాది. ఎక్కగలదా?" అంది. తర్వాత తనే నవ్వి, "ఏం పర్వాల్యా. సామికి ఆ మాత్రం తెలీదా యా కాలో?" అంది. నేనూ అదే అనుకున్నాను. అహోబిలం సామి మా అత్తలాంటి వాళ్లను ఎంతమందిని చూసుంటాడు, సర్దుకుంటాడులే అని.

సర్దుకోలేదు. పోటీలు మళ్లీ మొదలయ్యాయి. షాపులో లారీ చక్రం విప్పి, దాని మీదే కూర్చుని, ఫోనులో ఆట చూస్తున్నాను. మరదలు బంతి తెస్తోంది. ఎడమకు చూసింది, కుడికి అందించింది, అవతలి పొడుగు పిల్ల దాన్ని బుట్టలో వేసింది. జనం అరిచారు. నేను కూడా అరిచాను. ఆ అరుపుల మధ్య ఆమె వెనక్కి తిరిగి రెండడుగులు వేసి, కూర్చుండిపోయింది. పడినట్టు కూడా కాదు, అలిసిపోయి కూర్చున్నట్టు. కుడి మోకాలిని రెండు చేతులతో పట్టుకుంది. ఇంతమంది ఆడుతున్న ఆ నేల మీద ఆమె చుట్టూ ఎవరూ లేరు.

మరునాడు నాకే ఫోను చేసింది. "బావా, అదే కాలు. ఇంక ఆడకూడదన్నారు" అంది. ఏడవలేదు. నేనే, ఏదో లారీ హారన్ కొడుతోందన్న నెపంతో, కొంచెం పక్కకు పోయి నిలబడ్డాను. "అమ్మకు చెప్పొద్దు. సామి ఇయ్యలేదనుకుంటాది. ల్యాకుంటే తనే తప్పు చేసినాననుకుంటాది. ఏదనుకున్నా తట్టుకోలేదు" అంది. "మరి ఏమని చెప్పాల?" "ఇసుగు పుట్టి ఇడిసిపెట్టిందని చెప్పు. సిన్న పిల్లోళ్లు వచ్చినారు, నాకింక చాలనిపించిందని చెప్పు." బంతి వదలడమంటే ప్రాణం వదిలినట్టుండే పిల్ల గురించి ఆ మాట నా నోటితో చెప్పాలి. నవ్వులాటకు ఎన్నో అబద్ధాలాడిన నోరు, ఆ ఒక్కటి మాత్రం ముక్కి మూలిగి చెప్పింది.

కుంటు బయటికి కనపడకుండా నడవడం వచ్చేదాకా మరదలు ఇంటి ముఖం చూడలేదు. వచ్చిననాడు అత్త పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. "సామి కాలిచ్చినాడు. కొండ ఎక్కి అడిగితే ఇచ్చినాడు. ఇచ్చిన కాలుతో పరిగెత్తకుండా కుర్చీలో కూసుంటానంటావా? దేవునిసొమ్ము తిని ఎగ్గొట్టినట్టు కాదా ఇది?" అంది. మరదలు తల వంచుకుని నిలబడింది. ఆట పిరికిదాని కాడికి రాదని, నువ్వు మీ నాయన పేరు పోగొట్టినావని, ఇంకా చాలా అంది అత్త. ఆ కోపం ఒకరోజులో తీరలేదు. వీధిలోవాళ్లు కూడా, "ఏమ్మా, బంతికి పొగరెక్కిందా, నీకెక్కిందా?" అని ఎత్తిపొడిచేవాళ్లు. ఎప్పుడూ ఒకటికి రెండనే పిల్ల ఒక్కరికీ జవాబివ్వలేదు. ఆమెకు బదులు నేను ఇచ్చాను. ఆ జవాబులు ఇక్కడ రాయదగ్గవి కావు.

ఆఫీసువాళ్లు కర్నూలులో బల్ల ముందు కుర్చీ పని ఇచ్చారు. ఆ పోటీలు పెట్టిన పెద్దమనుషులు కూడా కొన్నాళ్లకు దుకాణం కట్టేశారు. షాపులో ఎండకు ఆ బొమ్మ వెలిసిపోయింది. ముందు బంతి రంగు పోయింది, ఆ తర్వాత చొక్కా మీద అంకె పోయింది. వారం వారం మరదలు బస్సులో ఆళ్లగడ్డ వచ్చేది. తల్లి మాట్లాడేది కాదు. కానీ పొద్దు వాలేసరికి అత్త ఆముదం గిన్నెతో వచ్చి, ముఖం వీధి వైపు తిప్పుకుని, అరుగు మీద కూర్చునేది. "సాపు" అని కూడా అనేది కాదు. మరదలు ఎడమకాలు తీసి ఆ ఒడిలో పెట్టేది. తల్లి ఆ కాలును రుద్దుతూ ఉండేది, కూతురు రుద్దించుకుంటూ ఉండేది. బస్సులో నిలబడి వచ్చి వాచిపోయిన కుడి మోకాలు పక్కనే చీర కుచ్చిళ్ల కింద ముడుచుకుని ఉండేది. ఎదురుగా కూర్చుని నేను వక్కాకు నమిలేవాణ్ణి. చేయి చాపితే అందేంత దూరంలో ఉంది నొప్పి. మందు, చేతులు, మనసు అన్నీ అక్కడే ఉన్నాయి. అన్నీ పక్క కాలి మీద ఉన్నాయి.

కోపం కూడా మనిషితో పాటు ముసలిదైపోతుంది. అత్త మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టింది. వచ్చినవాళ్లకు ఆ ఎడమ మోకాలిని చూపించి, "సూడండి, కోసినారంటే నమ్ముతారా? ఈ పొద్దటికీ ఇసుమంత నొప్పి ల్యా. ఏం పాపా?" అనేది. "ల్యా మా" అనేది మరదలు. అది మాత్రం నిజమే.

పోయిన ఏడు అత్త మంచానపడింది. చివర్లో లేచి కూర్చోలేకపోయింది. మరదలు సెలవు పెట్టి వచ్చి, సాయంత్రం కాగానే గిన్నె తనే వెచ్చజేసుకుని, మంచం పక్కన స్టూలు వేసుకుని, ఎడమకాలు ఎత్తి తల్లి చేతి పక్కన పెట్టేది. ఆ వేళ్లు నూనెలో మునిగేవి కావు, కాలి మీద కొంచెం కదిలేవి, అంతే. మాట పోయాక కూడా కదిలాయి. ఒకనాటి సాయంత్రం కదల్లేదు. మరదలు చాలాసేపు కాలు అట్లాగే పెట్టుకుని కూర్చుంది. తియ్యమని ఆమెకు చెప్పే ధైర్యం ఇంట్లో ఒక్కరికీ లేకపోయింది.

డాక్టరు రెండు మోకాళ్ల ఫొటోలూ చూసి, అరిగిపోయాయన్నాడు. టైరైతే మార్చి పారేసేవాణ్ణి. నా సంగతి విని ఆదివారం మరదలు కర్నూలు నుంచి చూడ్డానికొచ్చింది. షాపు ముందర పాత టైర్ల దొంతి మీద కూర్చుని టీ తాగుతోంది. వెనక గోడ మీద, బంతేదో మనిషేదో తెలియకుండా తెల్లబడిన బొమ్మ. ఇన్నేళ్లలో ఎన్ని బళ్లకు గాలి కొట్టి పంపానో, వాటిలో ఒక్కటీ వెనక్కి తిరిగొచ్చి ఎంతదూరం పోయిందో చెప్పలేదు. పోయిన కాలమూ అంతే. ఆమె ఒక చేత్తో గ్లాసు పట్టుకుని, రెండో చేత్తో ఎడమ మోకాలు ఒత్తుకుంటోంది. నాకు నోరు ఊరుకోలేదు. "ఇంక యాక్షన్లు చాల్లేవే. సూసేదానికి మీ అమ్మ లేదు ఈడ. నొచ్చే కాలు పట్టుకో" అన్నాను.

నవ్వుతుందనుకున్నాను. గ్లాసు కింద పెట్టింది. చెయ్యి మాత్రం అక్కడి నుంచి తియ్యలేదు.

"నొచ్చేదాన్నే పట్టుకున్నా బావా. కుడిది ఎప్పుడో అలవాటైపాయ. అమ్మ పోయినకాడ్నుంచి ఈ ఎడమదే నొస్తాంది."